రంధ్రమని వ్రాయకుడు
మహాధమనుల వ్యత్యయము, దాని నామకరణము
(నంద్యాలలో చేసిన స్మారకోపన్యాసమునకు ముద్రితపాఠము)



ఈ ఉపన్యాసము ఎవరి స్మృత్యర్థము జరుగుచున్నదో వారి పేరు ఆహ్వానపత్రికలో లేకుండుటను మీలో కొందరు గమనించియే యుందురు. అది అచ్చుపొరపాటు కాదు. తన పేర సభ వలదు, శిలాఫలకము వలదు, చేయదలచినచో ఏడాదికొకమారు పిల్లల జబ్బులను గురించి నలుగురికిని తెలియునట్లు ఎవరిచేతనైనను మాటలాడించుడని ఆయన చివరి దినములలో చెప్పిపోయిరి. ఆళ్లగడ్డ చుట్టుపట్ల రైతులకు, కూలీలకు, మాబోటి శిష్యులకు గూడ ఆయన ‘పెద్ద డాక్టరుగారు’. నేనును ఆ మాటతోనే సరిపెట్టుకొందును. తనకు పేరు వలదన్న ఆ మనిషికి రోగమునకు సరియైన పేరు పెట్టు విషయమున మాత్రము ఎంత పట్టుదల యుండెడిదో ఎరిగినవాడను గనుక, నేటి ప్రసంగమునకు ఆ పట్టుదలనే విషయముగా గైకొంటిని.

ఇరువదేండ్లకు పైబడిన మాట. అహోబిలము దారిలోని ఒక పల్లె నుండి ఆరు దినముల మగబిడ్డను ఒక అవ్వ చీరకొంగున చుట్టి తీసికొనివచ్చినది. బిడ్డ బొద్దుగా, మంచి తూకముతో నున్నాడు. ఆయాసము పెద్దగా లేదు. ఎదమీద గొట్టము పెట్టి విన్నచో అదనపు శబ్దమేదియు వినరాలేదు. పెదవులు, గోళ్లు మాత్రము నేరేడుపండ్లవలె నున్నవి. “పుట్టినప్పుడు బాగనే ఉన్యాడు సార్, మూడో దినం నుంచి ఇట్ల నల్లబడతాండాడు” అని అవ్వ చెప్పినది. అప్పుడు నేను పెద్ద డాక్టరుగారి వద్ద పని నేర్చుకొనుచున్న కుఱ్ఱవాడను. పెద్దాసుపత్రికి పంపుటకు చీటి వ్రాసితిని: పుట్టుకతో గుండెజబ్బు, గుండెకు రంధ్రము, నీలివర్ణము.

ఆయన చీటి చదివి, కండ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి, “రంధ్రం ఉందని నీకెట్ల తెలిసె?” అని యడిగిరి.

“బిడ్డ నీలంగా ఉన్యాడు గద సార్!”

“రంధ్రం ఉండింటే ఇంత నీలం ఎందుకైతాడబ్బా? ఉన్న సందు మూసుకపోతాండాది కాబట్టే వీడు ఇట్లయితాండాడు” అని, నా చీటిని చింపి, తాము మరియొకటి వ్రాసిరి. మగబిడ్డ, పుట్టి ఆరు దినములు, శబ్దము లేదు, ఆక్సిజను పెట్టినను నీలిమ తగ్గలేదు, మహాధమనులు తారుమారై యుండవచ్చును, ఈ రాత్రికే చూడవలెను. అంతే. ఆ రాత్రికే బిడ్డ చేరవలసిన చోటికి చేరినాడు. మరునాడు గుండె పై గదుల నడుమ బుడగతో దారి తెరచిరి. మూడవ వారము నిండకమున్నే శస్త్రచికిత్స జరిగినది. నా చీటి వెళ్లియుండినచో ఏమగునో నేను చెప్పనక్కఱలేదు. రంధ్రమున్న బిడ్డ నెలలు వేచియుండవచ్చును, ఈ బిడ్డ దినములు కూడ వేచియుండజాలడు. ఆ రెండు చీటీల నడుమ నున్న దూరమే నేటి నా ప్రసంగము.

గుండెలో నెత్తురు నడచు తీరును మన కె.సి. కాలువ క్రింద సేద్యము చేయు రైతుకు చెప్పుట సులభము. ఆరోగ్యవంతుని దేహములో కాలువ ఒక్కటే. అది రెండు మళ్లను వరుసగా తడుపుచు తిరుగును. దేహమంతయు తిరిగి ప్రాణవాయువును పోగొట్టుకొన్న నెత్తురు కుడి కర్ణికకు, అచ్చటి నుండి కుడి జఠరికకు వచ్చి, పుపుసధమని ద్వారా ఊపిరితిత్తులకు పోవును; అచ్చట శుద్ధియై ఎడమ కర్ణికకు, ఎడమ జఠరికకు వచ్చి, బృహద్ధమని ద్వారా దేహమునకు పోవును. మహాధమనుల వ్యత్యయమున ఈ రెండు పెద్ద నాళములు మొదళ్లవద్దనే మారిపోవును: బృహద్ధమని కుడి జఠరికనుండియు, పుపుసధమని ఎడమ జఠరికనుండియు పుట్టును. అంతట ఒక్క కాలువ కావలసినది రెండు వేర్వేరు కాలువలగును. దేహమునుండి వచ్చిన మలిననెత్తురు మరల దేహమునకే, ఊపిరితిత్తులనుండి వచ్చిన శుద్ధమైన నెత్తురు మరల ఊపిరితిత్తులకే తిరుగుచుండును. ఒక మడిలో నీరు నిండియుండగా ప్రక్కమడి బీటలు వారుచుండును. ఈ రెండింటి నడుమ ఎచ్చటనో గండి పడి నీరు కలిసినగాని బిడ్డ బ్రతుకడు. కాలువకు గండి పడుట రైతుకు ఉపద్రవము. ఇచ్చట గండియే ప్రాణాధారము. తల్లిగర్భమున నున్నపుడు ప్రతి శిశువునకును ఉండు రెండు సహజద్వారములు, కర్ణికల నడుమనున్న సందును, రెండు మహాధమనులను కలుపు చిన్ననాళమును, పుట్టిన పిదప కొలదిదినములలో మూసికొనిపోవుచుండును. ఆ అవ్వ చెప్పిన ‘మూడో దినం’ అదియే. చికిత్స లేనిచో ఇట్టి బిడ్డలలో నూటికి తొంబదిమంది మొదటి ఏడాది దాటరని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి.

ఇంత స్పష్టమైన వికారమునకు పేరు పెట్టుట కష్టమా యని మీరడుగవచ్చును. కష్టమే యైనది. లండనునందలి మాథ్యూ బెయిలీ దీనిని 1797లో వర్ణించెను. 1814లో జాన్ ఫార్ అను వైద్యుడు ‘ట్రాన్స్‌పొజిషన్’ అను మాటను వాడెను. ఆ మాటకు మూలార్థము ‘ఆవలిప్రక్కన ఉంచుట’ అని. జఠరికల నడుమ నొక గోడ కలదు. ఏ నాళము గోడకు ఏ ప్రక్కన నుండవలెనో ఆ ప్రక్కన లేక ఆవలికి మారినదని భావము. కాని తరువాతివారిలో కొందరు ఆ మాటను విడదీసి, బృహద్ధమని వెనుక నుండవలసినది ముందునకు వచ్చినచో చాలును, అదియును వ్యత్యయమే యనిరి. అంతట రెండు నాళములును కుడి జఠరికనుండియే పుట్టు వికారము కూడ ఈ పేరులోనికి వచ్చి చేరినది. 1949లో హెలెన్ టాసిగ్, రిచర్డ్ బింగ్ అనువారు వర్ణించిన రూపమట్టిది. ఒకరి గ్రంథమున వ్యత్యయమనబడినది మరియొకరి గ్రంథమున కాకపోయెను. ఒకే పేరున రెండు జబ్బులు, ఒకే జబ్బునకు రెండు పేరులు నడచుచుండగా, ఒక ఆసుపత్రి ఫలితములను మరియొక ఆసుపత్రి ఫలితములతో ఎట్లు పోల్చగలరు?

ఇక్కడ నేను మిమ్ములను ఆళ్లగడ్డకు తీసికొనిపోవలెను. ఆ ఊరి శిల్పుల పేరు విననివారీ సభలో నుండరు. మా చిన్నతనమున బడి వదలగానే ఉలిచప్పుడు వినబడు కొట్టములకు పరుగెత్తెడివారము. ఒకనాడొక వృద్ధశిల్పి నల్లరాతిమీద చతుర్భుజ విష్ణుమూర్తికి గీతలు గీయుచుండగా, నేను చేయి చూపి, “తాతా, చక్రం కుడిచేతిలో పెడతాండావా?” అంటిని. ఆయన సుద్ద క్రిందబెట్టి, నన్ను రాతికి వీపానించి నిలువబెట్టి, “కుడి అంటే సామి కుడి. చూసేవాని కుడి గాదు. ఇప్పుడు చెప్పు, ఏది కుడి?” అని యడిగినాడు. వైద్యకళాశాలలో శరీరశాస్త్రపు తొలిపాఠమున అదే మాట విన్నపుడు నాకు నవ్వు వచ్చినది: కుడియన్న రోగి కుడి, వైద్యుని కుడి కాదు.

ఆ శిల్పులకు చతుర్వింశతి మూర్తులని యొక లెక్క కలదు. ఆచమనమున చెప్పుకొను కేశవనామములు ఇరువదినాలుగు. అందరును విష్ణువులే, అందరివియు నాలుగు చేతులే, ఆయుధములును శంఖము, చక్రము, గద, పద్మము అను ఆ నాలుగే. ఏ చేత ఏ ఆయుధము అను క్రమము మారినకొలది పేరు మారును. నాలుగు వస్తువులను నాలుగు చోట్ల ఉంచుటకు ఇరువదినాలుగే దారులు గనుక నామములును అన్నియే. శంఖచక్రములను తారుమారు చేసిన శిల్పి తప్పు చేసినట్లు కాదు. వేరొక మూర్తిని చేసినట్లు. గ్రంథభేదమునుబట్టి ఈ క్రమములు కొంత మారుటయు కలదు; అందుచేత మంచి శిల్పి ‘ఇది ఫలానా మూర్తి’ యని ఊరకొనక, ఏ చేత ఏమున్నదో చెప్పి, పిదప పేరు చెప్పును. పేరునందు వివాదము రావచ్చును గాని చేతిలోని వస్తువునందు రాదు.

గుండె వికారముల నామకరణమున ఆధునికులు చేరిన తీర్మానము సరిగా నిదియే. అమెరికాలోని బోస్టను నగరమున రిచర్డ్ వాన్ ప్రాగ్ అను మహావైద్యుడు గుండెను మూడు ఖండములుగా విడదీసి చూడవలెననెను: కర్ణికలు, జఠరికలు, మహాధమనులు. ఒక్కొక్క ఖండమునకు ఒక్కొక్క అక్షరము. మొదటిది అవయవములును కర్ణికలును మామూలుగా (ఎస్) నున్నవో, అద్దములో బింబమువలె తిరగబడియున్నవో చెప్పును. రెండవది పిండదశలో గుండెగొట్టము ఏ వైపునకు మెలిదిరిగినదో చెప్పును. మనవారు శంఖమును దక్షిణావర్తము, వామావర్తము అన్నట్లే, కుడిమెలికకు డి, ఎడమమెలికకు ఎల్. మూడవది మహాధమనుల స్థానము: మామూలుగా నున్నచో ఎస్, వ్యత్యయమున బృహద్ధమని కుడివైపున నున్నచో డి, ఎడమవైపున నున్నచో ఎల్. ఆరోగ్యవంతుని గుండె ఎస్, డి, ఎస్. నేను ముందు వర్ణించిన రూపము, అనగా పూర్ణవ్యత్యయము, సాధారణముగా ఎస్, డి, డి. చూచితిరా, దేవుని నాలుగు చేతులవలె ఇచ్చట మూడు చోట్లు!

ఐనను ఈ అక్షరములను సంక్షేపించి ‘డి-టీజీఏ’, ‘ఎల్-టీజీఏ’ (టీజీఏ యనగా మహాధమనుల వ్యత్యయము) అని చీటీలమీద వ్రాయు అలవాటు వచ్చినది. ఇందులోనొక గోతి యున్నది. ఆ ఒంటి అక్షరము జఠరికల మెలికను చెప్పుచున్నదా, బృహద్ధమని కుడివైపున నున్నదని చెప్పుచున్నదా? పెక్కుమారులు రెండును ఒకటే యగును గనుక వైద్యుడు గమనింపడు. కాని జఠరికలు మామూలుగనే యుండి, బృహద్ధమని మాత్రము ఎడమవైపున నిలిచిన పూర్ణవ్యత్యయమును కలదు; వాన్ ప్రాగ్ లెక్కలో అది ఎస్, డి, ఎల్. ఆ బిడ్డ చీటిమీద ‘ఎల్’ అని చూచి, ఇది నేను మున్ముందు చెప్పబోవు నెమ్మదియైన రకమని భ్రమించినచో ఫలితమూహింపుడు.

లండనులో రాబర్ట్ ఆండర్సన్ ప్రభృతులు వేరొక ప్రశ్నతో ఆరంభించిరి: ఏది ఎచ్చటనున్నదని కాక, ఏది దేనికి కలిసినదని అడుగుడనిరి. కర్ణిక తనకు తగిన జఠరికకు కలిసినచో సంవాదము, కలియకున్నచో విసంవాదము. జఠరిక తన నాళమునకు కలిసినచో సంవాదము, లేకున్న విసంవాదము. సంగీతమెరిగినవారికి ఈ మాటలు పరాయివి కావు. పూర్ణవ్యత్యయమున మొదటి కూడలి సంవాదము, రెండవది విసంవాదము. ఎడమ కుడుల గొడవ లేకయే జబ్బు తీరు తెలిసిపోయినది. నెత్తురు ఎటు పోవుచున్నదో ఈ మాటలే చెప్పును.

రెండు కూడళ్లునూ విసంవాదములైనచో? ఇది వింతలలో వింత. కుడి కర్ణిక ఎడమ జఠరికలోనికి, అది పుపుసధమనిలోనికి. ఎడమ కర్ణిక కుడి జఠరికలోనికి, అది బృహద్ధమనిలోనికి. తప్పుమీద తప్పు పడి నెత్తురు నడక ఒప్పైనది! 1875లో రోకిటాన్‌స్కీ వర్ణించిన ఈ రూపమునకు ‘సహజముగా సరిదిద్దబడిన వ్యత్యయము’ అని పేరు. వేరు లోపములు లేనిచో బిడ్డ నీలమెక్కడు. పెరిగి, పెండ్లియై, నడివయసున ఎకో పరీక్షలో బయటపడినవారును కలరు. ఐనను ఊపిరితిత్తులకు నెత్తురు పంపుటకై ఏర్పడిన కుడి జఠరిక జీవితాంతము దేహమంతటి బరువును మోయవలసి వచ్చును గనుక కాలక్రమమున అలసిపోవును. గుండెలోని విద్యుత్‌సంకేతములకు అడ్డంకి ఏర్పడి నాడి మందగించుటయు తరచు. కావున ‘సరిదిద్దబడిన’ యను విశేషణము తల్లిదండ్రులకు మేలుమాటవలె వినబడును గాని, అది సగము నిజము. మొదటి జబ్బు దినములలో తేలవలసినది. రెండవది జీవితాంతము కనిపెట్టియుండవలసినది. ఈ రెండింటికిని ‘వ్యత్యయము’ అని ఒకే పేరు వ్రాసి వదలుట, నవనందులకు వెళ్లదలచినవానికి ‘నంది’ యని మాత్రము చెప్పి దారి చూపుట వంటిది.

పూర్ణవ్యత్యయమునందే మరల మూడు తెగలు కలవు. చికిత్సాకాలమును నిర్ణయించునవి ఇవియే. జఠరికల గోడ చెక్కుచెదరక యున్నది మొదటిది. ఇందు ఎడమ జఠరిక ఊపిరితిత్తుల మెత్తని ఒత్తిడికి అలవాటుపడి వారములలో బలము కోల్పోవును. అందుచేత ధమనులను మార్చు శస్త్రచికిత్స తొలి రెండు మూడు వారములలో జరుగుట మేలు. గోడకు రంధ్రమున్నది రెండవది. నెత్తురు కలియును గనుక నీలిమ తక్కువ, గడువు కొంత ఎక్కువ, కాని ఊపిరితిత్తుల నాళములు చెడకమునుపే ముగించవలెను. రంధ్రముతోపాటు పుపుసధమని దారి ఇరుకైనది మూడవది. దీనికి శస్త్రచికిత్సయే వేరు. కనుక రంధ్రమన్న మాట ఈ జబ్బులో అనవసరమని కాదు. అది ఉన్నదో లేదో చూచి వ్రాయవలసిన మాట, చూడక వ్రాయరాని మాట.

చికిత్స చరిత్ర గండి తెరచుటతోనే మొదలైనది. 1950లో బ్లేలాక్, హాన్లన్ అనువారు కర్ణికల గోడను కోసి దారి చేసిరి. 1966లో ఫిలడెల్ఫియాలో విలియం రాష్‌కిండ్ ఎదను తెరువకయే, నరములోనుండి సన్నని గొట్టమును గుండెకు పంపి, దాని కొననున్న బుడగను ఉబ్బించి ఒక్కపట్టున వెనుకకు లాగి ఆ గోడను చీల్చెను. ఈ నడుమ సెన్నింగ్ 1950వ దశకము చివరను, టొరంటోలో మస్టర్డ్ 1963లోను, కర్ణికలలోనే నెత్తురుదారిని మార్చు ఉపాయములు కనుగొనిరి; అనగా ప్రకృతి సరిదిద్దిన రూపమును వారు చేతులతో కల్పించిరి. ఉన్న తప్పుమీద మరియొక తప్పును కావలెనని చేసి ఒప్పు సాధించిరన్నమాట. తుదకు 1975లో బ్రెజిల్ దేశమున అడీబ్ జటేనీ మహాధమనులనే కోసి తమతమ చోట్ల కుట్టుటయందు కృతకృత్యుడయ్యెను.

ఈ చివరి శస్త్రచికిత్సలో గుండెకే నెత్తురు నిచ్చు సన్నని హృద్ధమనులను కూడ మూలముతో పెకలించి క్రొత్తచోట నాటవలెను. నారుమడి నుండి మొలకను వేరు తెగకుండ తీసినట్లు. అవి పుట్టుచోట్లు ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క తీరు. వాని నెట్లు పేర్కొనుట? హాలండులోని లైడెన్ నగరపు పండితులు చెప్పిన ఉపాయము మా శిల్పితాత వింటే మెచ్చుకొనును: నీవు బృహద్ధమని మొదట, హృద్ధమని పుట్టని గూటిలో, పుపుసధమనివైపు ముఖముంచి నిలిచితివనుకొనుము, నీ కుడిచేతి గూడు ఒకటవది, ఎడమచేతి గూడు రెండవది. ఏ గూటినుండి ఏ నాళము పుట్టినదో ఇక వ్రాయుము. బయటినుండి చూచువాని కుడియెడమలతో పనిలేకుండ, లోపల నిలిచినవాని కుడియెడమలతో సమస్య తీరినది.

ప్రపంచ ఆరోగ్యసంస్థవారి పదవ రోగసూచికలో ఈ చరిత్రయంతయు రెండు వరుసలలో ఇమిడియున్నది. క్యూ 20.3 అను సంఖ్య క్రింద జఠరికా-ధమనీ విసంవాదము, క్యూ 20.5 క్రింద కర్ణికా-జఠరికా విసంవాదము, అనగా సరిదిద్దబడిన రూపము. రెండు నాళములును కుడి జఠరికనుండి పుట్టునది క్యూ 20.1గా వేరుపడినది. శీర్షికలు ఆండర్సన్ మార్గమువి; వాని క్రిందనే పాతపేరులును చెప్పబడినవి. రెండు సంప్రదాయములును పోట్లాడుకొని, తుదకు ఒక పంక్తిని భోజనమునకు కూర్చుండినవి.

అయ్యా, ఇదంతయు పెద్ద నగరముల పండితుల గొడవ, నంద్యాలకేమి యని అనవలదు. ఎకో యంత్రము ముందు కూర్చున్నవారు చూచునది ఈ విషయమునే: ఆరోగ్యవంతుని గుండెలో రెండు మహాధమనులును ఒకదానినొకటి పెనవైచుకొన్నట్లు అడ్డముగా దాటును, వ్యత్యయమున జంటగొట్టపు తుపాకివలె ప్రక్కప్రక్కన సమాంతరముగా సాగును, ఎడమ జఠరికనుండి లేచిన నాళము కొంతదూరములోనే రెండుగా చీలినచో అది పుపుసధమనియే. ఎకో లేనిచోట పల్స్ ఆక్సిమీటరు చాలును: పుట్టిన మరునాడు కుడిచేతికి, ఒక కాలికి పెట్టి చూచి, అంకె 95 కంటె తక్కువగా నిలిచినచో అనుమానింపుడు. మా కాలమున లేని వసతులు నేడున్నవి. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చినది. 2013లో బాలల ఆరోగ్యపరీక్షల జాతీయ కార్యక్రమము వచ్చినది. 2021 అక్టోబరు 11న తిరుపతిలో పిల్లల గుండెకొఱకే శ్రీ పద్మావతీ హృదయాలయము తెరువబడినది. 2022లో నంద్యాల జిల్లాయైనది, మరుసటి ఏడాది ఇచ్చటనే ప్రభుత్వ వైద్యకళాశాల మొదలైనది. ఆళ్లగడ్డ మీదుగా కడపకు పోవు పెద్దరోడ్డుపై ఒక్క రాత్రి చాలును బిడ్డ తిరుపతి చేరుటకు. ఆ రాత్రి ఏదో తెలిసికొనుట మాత్రము యంత్రములకు, పథకములకు చేతకాదు; అది చీటి వ్రాయువాని పని.

కావున ఈ సభలోని యువవైద్యులకు, నర్సులకు, ఆశా చెల్లెండ్రకు పెద్ద డాక్టరుగారి మాటగా విన్నవించుచున్నాను. నీలమెక్కిన పసిబిడ్డ చీటిమీద ‘గుండెకు రంధ్రము’ అని అలవాటుగా వ్రాయకుడు. పుట్టి ఎన్ని దినములైనదో వ్రాయుడు. ఆక్సిజను పెట్టకమునుపు, పెట్టిన పిదప అంకె ఎంతయో వ్రాయుడు. ఎకో చూచినవారైనచో ఏ గది ఏ గదికి, ఏ గది ఏ నాళమునకు కలిసినదో మాటలలో వ్రాసి, అక్షరములను ఆ తరువాత వ్రాయుడు. పేరు తెలియనిచో తెలియదని వ్రాయుడు. దానివలన ఏ బిడ్డకును ఆలస్యము కలుగదు. తెలియకయే పెట్టిన పేరువలన కలుగును.